పుష్పకంలో ఇంకొకరికి చోటుందా?

"విమానం టిక్కెట్టు కొనుక్కోగలిగిన వాళ్ళకి బస్సెందుకండీ?"

ఈ ప్రశ్న నన్ను వేర్వేరు సందర్భాల్లో ముగ్గురడిగారు. ఒకాయన ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఇంకొకాయన నాలుగు టాక్సీలు తిప్పుకునే యజమాని. మూడో ఆవిడ నాకెంతో ఇష్టమైన స్త్రీవాద రచయిత్రి. మొదటి ఇద్దరూ అలా అనడంలో ఆశ్చర్యం లేదు. మూడో ఆవిడ అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. "మన ఆడవాళ్ళకి ఇన్ని సమస్యలుంటే ఎయిర్‌పోర్టు బస్సు కూడా ఒక స్త్రీవాద సమస్యేనా అమ్మాయ్?" అందావిడ నవ్వుతూ. అవును, స్త్రీవాద సమస్యే. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ ప్రశ్న వెనక ఒక బొమ్మ ఉంది. విమానం ఎక్కేవాడంటే చేతిలో లాప్‌టాప్ సంచీ, బయట డ్రైవరుతో సహా కారు, జేబులో ఆఫీసు ఇచ్చే ప్రయాణ ఖర్చులు. "ఎక్కేవాడు" అన్నాను, గమనించారు కదా. ఆ బొమ్మలో స్త్రీ ఉంటే గింటే అతని పక్కన నడిచే భార్యగా ఉంటుంది, లేకపోతే నమస్కారం పెట్టే ఎయిర్ హోస్టెస్‌గా ఉంటుంది. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె ఒక చేత్తో, పాస్‌పోర్టు ఉన్న ప్లాస్టిక్ కవరు ఇంకో చేత్తో పట్టుకుని ఒంటరిగా నడిచొచ్చే ఆడమనిషి అందులో లేదు. రోడ్లు వేసేవాళ్ళ ఊహలోనూ లేదు, బస్సులు నడిపేవాళ్ళ ఊహలోనూ లేదు. మన సాహిత్య చర్చల్లో కూడా ఆమె ఎప్పుడో గానీ కనిపించదు.

నేను గోదావరి లంకల మధ్య పుట్టి పెరిగిన దాన్ని. నాకు తెలిసిన విమాన ప్రయాణీకురాలు మొదటినుంచీ ఆమే. మా వీధిలో మొట్టమొదట విమానం ఎక్కింది ఇంజనీరు కాదు, డాక్టరూ కాదు. ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్ళే ఒక దళిత స్త్రీ. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నర్సాపురం, మొగల్తూరు వైపు ఏ ఊరికి వెళ్ళి అడిగినా కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళలో భర్త పోయినవాళ్ళున్నారు, భర్త వదిలేసినవాళ్ళున్నారు, భర్త చేసిన అప్పులు తీర్చడానికి బయల్దేరినవాళ్ళున్నారు. అక్కడ ఇళ్ళల్లో వంట చేస్తారు, బట్టలుతుకుతారు, పరాయి పిల్లల్ని పెంచుతారు, మంచం పట్టిన ముసలివాళ్ళకి సేవ చేస్తారు. మా ప్రాంతంలో ఎన్నో పెంకుటిళ్ళు డాబాలుగా మారింది వాళ్ళ చేతులమీదుగానే.

2016లో కేంద్ర ప్రభుత్వం ఉడాన్ పథకం ప్రకటించింది. హవాయి చెప్పులు వేసుకున్న సామాన్యుడు కూడా విమానం ఎక్కాలన్నది దాని ప్రచారం. 2017 ఏప్రిల్ 27న మొదటి విమానాలు ఎగిరాయి, అదే రోజు కడప నుంచి హైదరాబాదుకీ ఒకటి మొదలైంది. సంతోషమే. కానీ హవాయి చెప్పులతో విమానం ఎక్కడం మా కోనసీమ ఆడవాళ్ళకి 2017లో కొత్తగా తెలిసిన సంగతి కాదు. వాళ్ళకి విమానం ఎప్పుడూ విలాసం కాలేదు. ఊళ్ళో పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా ఎలాంటిదో, వాళ్ళకి విమానాశ్రయం అలాంటిది. పనికి వెళ్ళే దారిలో ఒక మజిలీ. ఉడాన్‌లో గంట ప్రయాణానికి కొన్ని సీట్లకి 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. ఆకాశంలో ధరకి హద్దు పెట్టాలని ప్రభుత్వానికి తోచింది. మరి నేలమీద? విమానం దిగిన చోటునుంచి ఊరిదాకా ఉన్న ఆ ఇరవై కిలోమీటర్లకి హద్దెవరు పెడతారు?

ఆమె ప్రయాణం ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటుతుంది. నర్సాపురంలో సాయంత్రం హైదరాబాదు వెళ్ళే రైలెక్కుతుంది. రైలు పెట్టెలో ఎవరూ ఆమెను "నువ్విక్కడేమిటి?" అని అడగరు. జనరల్ పెట్టెలో ఇరుక్కునైనా కూర్చుంటుంది. తెల్లారి మహానగరంలో దిగుతుంది. అక్కడినుంచి శంషాబాద్ దాకా ఉన్న ఆఖరి దూరం వచ్చేసరికి హఠాత్తుగా ఆమె ప్రజ కాకుండా పోతుంది, కస్టమరైపోతుంది. పంటూ, రైలూ ఆమెవే అనిపించాయి. ఇక్కడినుంచి మాత్రం అన్నీ "కావాలంటే కొనుక్కో" అంటాయి.

ఈ కష్టానికి భయపడి మా వైపు కుటుంబాలు ఏకంగా ఊళ్ళోనే కారు మాట్లాడుకుంటాయి. ఆమె వెళ్ళేటప్పుడు దింపడానికీ, తిరిగొచ్చేటప్పుడు తీసుకురావడానికీ. భర్త, మరిది, బావగారు, వాళ్ళ స్నేహితుడొకడు, అందరూ ఎక్కుతారు. దారిలో భోజనాలు, మందు. లెక్క ఎవరు కడతారు? ఆవిడే. రెండేళ్ళు పరాయి వంటింట్లో నిలబడి సంపాదించిన డబ్బులో మొదటి ఖర్చు, తనని తాను ఇంటికి చేర్చుకోవడానికి మగవాళ్ళకి పెట్టే ఖర్చు. ఒక గల్ఫ్ అక్కని అడిగాను, "ఒక్కదానివే రాకూడదా?" అని. "సముద్రం దాటి ఒక్కదాన్నే వచ్చానమ్మా. ఎయిర్‌పోర్టు దాటి ఒక్కదాన్నే రావడానికే నాకు దారి లేదు," అంది. ఈ మాట తర్వాత ఇంక సిద్ధాంతం చెప్పాల్సిన పని లేదనిపించింది నాకు.

మన భాషనే గమనించండి. ఆడవాళ్ళ ప్రయాణం గురించి మనం వాడే క్రియలన్నీ ఇంకొకరివే. దింపడం, ఎక్కించడం, తీసుకురావడం, పంపించడం, "రిసీవ్ చేసుకోవడం". "ఎవరొస్తున్నారు నీకోసం?" అన్నది విమానం దిగిన ప్రతి ఆడదానికీ వచ్చే మొదటి ఫోను. ఎవరూ రారు, నేనే వెళ్తాను అని చెప్పాలంటే ఆ చోట ఒక బస్సుండాలి. బస్సు లేని చోట ఆడదానికి రెండే దారులు: డబ్బు లేదా మగాడు. చాలామందికి మొదటిది చేతిలో ఉండదు కాబట్టి రెండోది తప్పదు. పితృస్వామ్యం ఎప్పుడూ కర్ర పట్టుకునే రానక్కర్లేదు. కారు తాళాలు పట్టుకుని కూడా వస్తుంది.

ఇక రాజ్యం సంగతి. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాసవని వాళ్ళకి గల్ఫ్ లాంటి దేశాల్లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టున్న ఆడవాళ్ళకైతే ముప్ఫై ఏళ్ళు నిండాలన్న నిబంధన కూడా ఉంది. 2016 నుంచి వాళ్ళని ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఇవన్నీ రక్షణ కోసమే అంటారు. కొంత నిజమే కావచ్చు, మోసపోయిన ఆడవాళ్ళ కథలు మనకి తెలియనివా? కానీ ఈ రక్షణ తీరు చూడండి. ఆమెకి ముప్ఫై నిండాయా అని అడిగే రాజ్యం, ఆమె ఈ గుమ్మం దాకా ఎలా వచ్చింది అని అడగదు. ఆపడానికి ఎన్ని నిబంధనలైనా ఉన్నాయి. చేర్చడానికి ఒక్క బస్సు లేదు.

బస్సు లేదని ఎలా అంటావు, ఉచిత బస్సులున్నాయి కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం అమల్లోకి వచ్చాయి. నేను ఈ పథకాలకి పూర్తి మద్దతుదారుని. బస్సులో ఆడవాళ్ళు నిండిపోయారని, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని ఎగతాళి చేసే మగవాళ్ళని చూస్తే నాకు అసహ్యం. పనీపాటా లేకుండా తిరిగే హక్కు శతాబ్దాలుగా వాళ్ళొక్కరిదే కదా. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే 2011లో వెలువరించిన 'వై లాయిటర్?' పుస్తకంలో చేసిన వాదన ఇదే. ఆడది వీధిలో కనిపించాలంటే ఏదో ఒక పని చూపించాలి, కారణం లేకుండా ఉండే హక్కు ఆమెకి లేదు అని. ఉచిత బస్సు ఆ కారణాల చిట్టాని కొంతైనా చించేసింది.

అయితే ఆ ఉచితానికి గీసిన గీత ఎక్కడుందో చూడండి. ఆంధ్రలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. ఈ ఐదు రకాల బస్సులే. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. రెండు చోట్లా ఏసీ బస్సులు ఈ గీతకి బయట ఉన్నాయి. పైగా ఏ రాష్ట్రం ఆడవాళ్ళకి ఆ రాష్ట్రంలోనే, గుర్తింపు కార్డు చూపించాలి. రాజోలు ఆధార్ కార్డుతో హైదరాబాదులో దిగిన స్త్రీ అక్కడ మహాలక్ష్మి కాదు. ఆమె స్త్రీశక్తి రాష్ట్ర సరిహద్దు దగ్గరే దిగిపోయింది. ఒకవేళ కార్డు చెల్లినా శంషాబాద్‌కి ప్రత్యేకంగా నడిపే బస్సు ఏసీ బస్సు కాబట్టి అందులో చెల్లదు. అంటే ప్రభుత్వం దృష్టిలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. సంతకి, ఆస్పత్రికి, పుట్టింటికి వెళ్ళే "పేద మహిళ" ఒకతె. విమానాశ్రయానికి వెళ్ళే "ప్రయాణీకురాలు" ఇంకొకతె. వాళ్ళిద్దరూ ఒకరే కావచ్చని ఏ జీవోకీ తట్టలేదు.

ఆ శంషాబాద్ బస్సు పేరు పుష్పక్. సాహిత్య విద్యార్థిని కాబట్టి ఆ పేరు దగ్గర కాసేపు ఆగుతాను. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానం పుష్పకం అని చిన్నప్పుడు విన్నాం. వాల్మీకి రామాయణంలో సీత పుష్పకం ఎక్కిన సందర్భాలు రెండు. మొదటిసారి యుద్ధం మధ్యలో. రామలక్ష్మణులు చనిపోయారని నమ్మించి ఆమె మనసు విరిచెయ్యాలని రావణుడు త్రిజటతో ఎక్కించి పంపిస్తాడు. అప్పుడు త్రిజట ఆమెను ఓదారుస్తూ ఒక సంగతి చెబుతుంది: వాళ్ళు నిజంగా పోయి ఉంటే ఈ విమానం నిన్ను మోసేది కాదు అని. అంటే పుష్పకానికి కూడా అర్హత నిబంధనలున్నాయన్నమాట! భర్త పోయిన స్త్రీకి అందులో చోటు లేదు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిగిన రాజమండ్రిలో కూర్చుని ఈ శ్లోకం చదివితే ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళనుంచి విమానం ఎక్కేవాళ్ళలో భర్త పోయినవాళ్ళెందరో!

రెండోసారి అయోధ్యకి తిరిగొచ్చేటప్పుడు. అప్పుడు సీత ఒక పని చేస్తుంది. కిష్కింధ దగ్గర, తారనీ మిగతా వానర స్త్రీలనీ కూడా ఎక్కించుకుని వెళ్దామని అడుగుతుంది. విమానం ఆగుతుంది, వాళ్ళూ ఎక్కుతారు. తనకి చోటు దొరికాక తక్కిన ఆడవాళ్ళకి ఏదీ చోటు అని అడిగింది సీత. ఇవాళ విమానాల్లో తిరుగుతున్న మనం, సదస్సులకీ సన్మానాలకీ వెళ్ళొస్తున్న రచయిత్రులం, అధ్యాపకులం, ఆ మాత్రం ప్రశ్న అడగలేమా?

ఇంకో సంగతి. ఈ దూరం ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనుషులు నిర్ణయించి పెట్టిందే. 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాలు బేగంపేటలో దిగేవి. ఊరి నడిబొడ్డు. సిటీ బస్సులుండేవి, 2003 తర్వాత ఎంఎంటీఎస్ రైలూ ఉండేది. అక్కడినుంచి సుమారు పాతిక కిలోమీటర్ల అవతలికి, శంషాబాద్‌కి, విమానాశ్రయాన్ని తీసుకుపోయారు. దానికోసం ఫ్లైఓవర్లు కట్టారు, రింగు రోడ్డు వేశారు. రైలు వెయ్యలేదు. 2017లో మెట్రో వచ్చింది గానీ శంషాబాద్ దాకా రాలేదు. 2022 డిసెంబరులో ఎయిర్‌పోర్టు మెట్రోకి శంకుస్థాపన చేశారు, ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం మారింది, దారీ మారింది. అదే చెన్నైలో మీనంబాకం విమానాశ్రయానికి ఎదురుగా తిరుసూలం లోకల్ రైలు స్టేషనుంది. 2016 నుంచి మెట్రో కూడా ఉంది. లండన్‌లో హీత్రో విమానాశ్రయానికి భూగర్భ రైలు 1977లోనే చేరింది. మనకి చేతకాక కాదు, అవసరమనిపించక.

విశాఖ కథా ఇదే బాట పట్టింది. ఊళ్ళోనే, జాతీయ రహదారి పక్కనే ఉన్న విమానాశ్రయం ముందు సిటీ బస్సు దిగి లోపలికి నడిచి వెళ్ళొచ్చు. దానికి బదులుగా విశాఖకి నలభై కిలోమీటర్లకి పైగా దూరంలో, విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్తది తలపెట్టారు. 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపనలు చేశారు. రెండు శంకుస్థాపనలు అవసరమైన విమానాశ్రయానికి ఒక్క బస్టాండు కూడా అవసరమేనని ఎవరు గుర్తుచెయ్యాలి? తుని నుంచో, కాకినాడ నుంచో బయల్దేరే ఆడమనిషికి విశాఖ దాకా వెళ్ళాక ఇంకో అర్ధజిల్లా ప్రయాణం మిగులుతుంది.

ఇక మన ఇంటి ముంగిట సంగతి. రాజమండ్రి విమానాశ్రయం ఊరికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, కోరుకొండ మండలం మధురపూడిలో ఉంది. పెద్ద విమానాలు దిగాలని రన్‌వేని 1,749 మీటర్ల నుంచి 3,165 మీటర్లకి పెంచారు. అందుకు చుట్టుపక్కల ఊళ్ళ భూములు తీసుకున్నారు. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. ముంబై నుంచి, ఢిల్లీ నుంచి ప్రపంచంలో ఎక్కడికైనా పోవచ్చు. అంటే పంటు దాటి, రాత్రంతా రైల్లో కూర్చుని హైదరాబాదు వెళ్ళక్కర్లేకుండా మా గల్ఫ్ అక్క ఇక్కడే విమానం ఎక్కగలిగే రోజు వచ్చింది. ఈ మార్పు చిన్నది కాదు. ఆ భూములు పోగొట్టుకున్న ఊళ్ళ ఆడవాళ్ళ త్యాగానికి ఏదైనా అర్థముంటే అది ఇదే కావాలి.

కోరుకొండ మీదుగా గోకవరం పోయే పల్లెవెలుగు బస్సులు రాజమండ్రిలో గోకవరం బస్టాండు నుంచి ఎప్పటినుంచో నడుస్తున్నాయి. ఆ బస్సులో ఇప్పుడు ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. కానీ పల్లెవెలుగు ఊళ్ళ వేళల ప్రకారం నడుస్తుంది, విమానాల వేళల ప్రకారం కాదు. బస్సు వేసేవాళ్ళకీ విమానం నడిపేవాళ్ళకీ మధ్య ఒక్క కాగితం నడిస్తే ఈ రెండు వేళలూ కలుస్తాయి. వెయ్యిన్నర మీటర్ల రన్‌వేని ఊళ్ళమీదుగా పొడిగించగలిగిన వ్యవస్థకి ఒక బస్సుని టెర్మినల్ గుమ్మం దాకా తిప్పడం అంత అసాధ్యమా?

ప్రయాణీకులు చాలరు, నష్టం వస్తుంది అన్నది మామూలుగా వచ్చే జవాబు. ఢిల్లీ నుంచి వచ్చే ఎయిర్‌బస్‌లో నూట ఎనభై మందికి పైగా పడతారు. ఆ విమానం పేరులోనే బస్సుంది! నూట ఎనభై మందిలో యాభై మంది ఎక్కినా ఒక బస్సు నిండుతుంది. ఎక్కరు, అందరూ కార్లలోనే పోతారు అంటారా? బస్సు లేని చోట అందరూ కార్లలోనే పోతారు, నిజమే. వంతెన లేని చోట ఎవరూ నది దాటడం లేదు కాబట్టి వంతెన అక్కర్లేదన్నట్టుంది ఈ తర్కం. 2011 జనాభా లెక్కల్లో జనం పనికి ఎలా వెళ్తున్నారని అడిగారు. అందులో కూడా వ్యవసాయ కూలీలని లెక్కలోంచి తీసేశారు. ఇంటిపని కోసం, పిల్లల కోసం, రోగుల కోసం ఆడవాళ్ళు చేసే ప్రయాణాలు అసలే లేవు. లెక్కలో లేనివాళ్ళకి బస్సు ఎలా వస్తుంది? బస్సు రాలేదు కాబట్టి లెక్కలోకి ఎలా వస్తారు?

ఈ మధ్య ఒక చిన్న విమానాశ్రయంలో రాత్రి ఎనిమిదిన్నరకి దిగాను. ఏ ఊరో చెప్పను, ఏ ఊరైనా ఒకటే. సమాచారం చెప్పే బల్ల దగ్గరికి వెళ్ళి "ఊళ్ళోకి బస్సెక్కడ ఆగుతుందండీ?" అని అడిగాను. ఆ కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయాడు. "మేడమ్, మీకు పికప్ రాలేదా?" అన్నాడు జాలిగా. అతని తప్పేమీ లేదు. ఆ బల్ల దగ్గర ఆ ప్రశ్న వినపడి ఉండదు. అప్పుడే నేలగుడ్డలు బాల్చీలో వేసుకుని డ్యూటీ దిగుతున్న ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "గేటు దాకా నడువమ్మా, అక్కడ షేరాటో ఉంటది, నేనూ దాన్లోనే పోతాను," అంది. ఆమె ప్రతిరోజూ ఆ విమానాశ్రయానికి వచ్చిపోయే మనిషి. ఏడాదికోసారి వచ్చే నాకన్నా ఆమెకే ముందు బస్సు కావాలి. విమానాశ్రయాల్లో ఊడ్చేవాళ్ళు, మరుగుదొడ్లు కడిగేవాళ్ళు, ఆడవాళ్ళని తనిఖీ చేసే సిబ్బంది, కౌంటర్లలో కూర్చునే అమ్మాయిలు, వీళ్ళంతా విమానం వేళలకే పనిచేస్తారు. "విమానం ఎక్కేవాళ్ళకి బస్సెందుకు" అన్నవాళ్ళకి వీళ్ళు కనిపించనే లేదు.

చివరికి వచ్చేది భద్రత వాదన. రాత్రిపూట ఒంటరి ఆడది బస్సులోనా, కారు బుక్ చేసుకోవచ్చు కదా అని. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనం మరిచిపోలేం. ఆ తర్వాత ఏం జరిగింది? ఎన్‌కౌంటర్‌కి చప్పట్లు కొట్టారు. ఆంధ్రలో దిశ పేరుతో బిల్లు, యాప్, పోలీసు స్టేషన్లు వచ్చాయి. 2020 ఫిబ్రవరి 8న మొట్టమొదటి దిశ స్టేషను ప్రారంభమైంది మన రాజమండ్రిలోనే. శిక్షల గురించి ఎంత మాట్లాడుకున్నాం! ఆ దారుల్లో రాత్రి పూట బస్సు ఎంతకొకటి, స్టాపులో లైటుందా అన్న ప్రశ్న మాత్రం ఆ కేకల్లో ఎక్కడో మునిగిపోయింది. ఒంటరి కారులో ఒకే ఒక అపరిచితుడితో, తెలియని దారిలో ప్రయాణం భద్రమా? లేక దీపాలు వెలిగే బస్సులో, కండక్టరుతో, పదిమందితో, అందరికీ తెలిసిన దారిలో ప్రయాణం భద్రమా? భద్రతని కొనుక్కునే వస్తువు చేసి, కొనలేనివాళ్ళని ఇంట్లో కూర్చోమనడం మన పోరాటాలకి జవాబు కాదు.

1905లో రొకియా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి రెండేళ్ళు. రొకియా పరదాలో పెరిగిన స్త్రీ. ఆమె ఊహించిన స్త్రీల రాజ్యంలో ఆడవాళ్ళు గాలిబండిలో ఎగురుతారు. అందులో నన్ను ఆకట్టుకునేది ఎగరడం ఒక్కటే కాదు. ఆ దేశంలో సుల్తానా పగటివెలుగులో వీధిలో నడుస్తుంది, పరదా అలవాటుకొద్దీ సిగ్గుపడుతుంది, మెల్లగా అలవాటవుతుంది. గాలిబండి ఆ తర్వాత. నేలమీద నిర్భయంగా నడిచిన తర్వాతే ఆకాశం. మనం దాన్ని తిరగేశాం. ఆకాశం ఇచ్చాం, నేల ఇవ్వలేదు.

కాబట్టి అడగవలసినవి ఇవి. విమానాశ్రయం బస్సుని స్త్రీశక్తి వర్తించే మామూలు బస్సుగా నడపాలి. ఏసీ తగిలించి, ప్రత్యేకం అని పేరుపెట్టి ఆడవాళ్ళని గీత దాటించకూడదు. రోజులో ఆఖరి విమానం దిగాక అరగంట దాకా ఆ బస్సు గుమ్మం ముందు నిలబడాలి. అమలాపురం, రాజోలు, నర్సాపురం, కాకినాడ వైపు వెళ్ళే బస్సులతో దాని వేళలు కలవాలి. డ్యూటీలు మారే వేళలని కూడా విమానం వేళలతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలి. పొరుగు తెలుగు రాష్ట్రం ఆడవాళ్ళ కార్డు ఇక్కడా, ఇక్కడి కార్డు అక్కడా చెల్లాలి. కొత్త విమానాశ్రయం ఎక్కడ కట్టినా మొదటి విమానం కన్నా ముందు మొదటి బస్సు అక్కడికి చేరాలి. వీటిలో ఒక్కటీ వేల కోట్ల పని కాదు.

ఇక మనం చేయగలిగింది కూడా ఉంది. సభలకి పిలిచినవాళ్ళు "కారు పంపిస్తాం మేడమ్" అన్నప్పుడు, "మీ ఊళ్ళో ఎయిర్‌పోర్టుకి బస్సుందా?" అని అడుగుదాం. లేదంటే ఆ సభలో మొదటి తీర్మానం అదే చేయిద్దాం. గల్ఫ్ స్త్రీల ప్రయాణాలని, డ్యూటీ దిగే ఆడవాళ్ళ నడకలని కథల్లోకి, పరిశోధనల్లోకి తెద్దాం. తెలుగులో స్త్రీల యాత్రాసాహిత్యం అంటే చూసొచ్చిన దేశాల గురించేనా? ఇల్లు చేరిన దారి గురించి కూడా కావాలి.

నా అభిమాన రచయిత్రికి ఇప్పుడు నా జవాబు: అవును మేడమ్, ఇది స్త్రీవాద సమస్యే. తనకు తానుగా బయల్దేరి, తనకు తానుగా ఇంటికి చేరే స్త్రీ ఉన్నంత కాలం, ఆమె ఎక్కడ దిగితే అక్కడ ఒక బస్సుండాలి. మీరు ఈసారి రాజమండ్రి వచ్చినప్పుడు నాకు ఫోను చెయ్యండి. కారు తీసుకుని రాను. కలెక్టరుకి ఇవ్వాల్సిన అర్జీ తీసుకొస్తాను. మొదటి సంతకం మీరే పెడుదురు గాని.